జూనియర్ కళాశాల ప్రయోగశాలకు పురుష కటి నమూనా: వాడి చూసిన అధ్యాపకుని సమీక్ష

శ్రీకాకుళం జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో నేను జంతుశాస్త్రం బోధిస్తున్నాను. మా ప్రయోగశాలకు తెప్పించిన పురుష కటి భాగపు నమూనాను ఒక విద్యా సంవత్సరం పాటు తరగతిలో వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. కళాశాలలకు సామగ్రి సరఫరా చేసే విజయనగరంలోని ఒక దుకాణం ద్వారా దీన్ని కొన్నాము. మన ప్రయోగశాలల్లో కనిపించే చాలా వస్తువుల మాదిరిగానే ఇదీ హర్యానాలోని అంబాలాలో తయారైనదే. రవాణా ఖర్చుతో కలిపి ఐదు వేల రూపాయలకు కాస్త తక్కువ పడింది. శుక్రకణం పుట్టిన చోటు నుంచి శరీరం బయటికి వచ్చే దాకా సాగే దారిని చూపడంలో ఈ నమూనాకు సాటి వచ్చే పటం నేను చూడలేదు. అయితే మన జిల్లా ప్రజలకు అన్నిటికంటే ఎక్కువగా తెలియవలసిన భాగం, అంటే ముష్కగోణి (ముష్కాలు, అంటే వృషణాలు, ఉండే తిత్తి), ఇందులో అన్నిటికంటే నాసిగా ఉంది. ఈ రెండు మాటలూ దృష్టిలో ఉంచుకుని కొనుగోలు నిర్ణయం తీసుకోవాలని తోటి అధ్యాపకులకు నా మనవి.

నడుము కింది భాగాన్ని ముందు నుంచి వెనక్కి సరిగ్గా నడిమికి నిలువునా కోస్తే లోపల ఏమేమి కనిపిస్తాయో ఆ సగాన్ని నిజ పరిమాణంలో పీవీసీతో పోతపోసి, రంగులు వేసి, తెల్లటి పీఠం మీద నిలబెట్టారు. వెనుక వైపున త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే ఎముక), దాని ముందు పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం), దాని ముందు మూత్రాశయం, మూత్రాశయం అడుగున ప్రొస్టేట్ గ్రంథి, ముందు వైపున జఘనాస్థి, దాని కిందుగా మేహనం (పురుషాంగం), ముష్కగోణి వరుసగా ఉన్నాయి. మూత్రాశయాన్ని ప్రొస్టేట్‌తో సహా ఒక ముక్కగాను, మేహనపు సగాన్ని ఒక ముక్కగాను, ముష్కాన్ని మరొక ముక్కగాను ఊడదీసి విద్యార్థుల చేతికి ఇవ్వవచ్చు. ప్రతి భాగం మీద చిన్న అంకె ఉంది, ఆ అంకెలకు అర్థం చెప్పే అట్ట విడిగా వస్తుంది.

ఇంత డబ్బు పెట్టి ఈ వస్తువు ఎందుకన్న ప్రశ్న మా కళాశాలలోనే వచ్చింది. మానవ ప్రత్యుత్పత్తి వ్యవస్థ పాఠాన్ని "మీరే చదువుకోండి" అని దాటవేయడం మన కళాశాలల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. పరీక్షలో పటం గీయమని అడుగుతారు కాబట్టి పిల్లలు గీతలను గీతలుగానే కంఠస్థం చేస్తారు. పుస్తకంలోని పటం శరీరాన్ని ముందు నుంచి చూపుతుంది, అందులో శుక్రకణాలను మోసుకుపోయే శుక్రవాహిక మూత్రాశయం చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది. శుక్రవాహిక మూత్రాశయం లోపలికి పోతుందని, వీర్యం అక్కడ నిలవ ఉంటుందని నమ్మిన విద్యార్థులు నా తరగతిలో ప్రతి ఏడాదీ ఉంటూనే వచ్చారు. వారిలో చదువులో ముందున్నవారూ ఉన్నారు. నమూనాలో మూత్రాశయపు ముక్కను చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, దాని వీపు మీదుగా దిగుతున్న శుక్రవాహికను వేలితో తడిమిన పిల్లవాడికి ఆ అపోహ మళ్ళీ రాదు.

ఆ దారిని నమూనా ఎంత చక్కగా చూపుతుందో కాస్త వివరంగా చెబుతాను. ముష్కం వెనుక అంచున ఎపిడిడైమిస్ అనే చుట్టలు తిరిగిన నాళం అంటుకుని ఉంటుంది. దాని తోక నుంచి మొదలయ్యే శుక్రవాహిక కిందికి రాకుండా పైకి ప్రయాణం కడుతుంది. శుక్రరజ్జువులో రక్తనాళాలతో, నాడులతో కలిసి గజ్జల్లోని వాంక్షణ నాళం గుండా ఉదరంలోకి చేరి, మూత్రపిండం నుంచి వచ్చే మూత్రనాళానికి పైగా దాటి, మూత్రాశయం వెనుకకు వంగి, అక్కడ కాస్త లావెక్కి, శుక్రాశయం అనే గ్రంథి నుంచి వచ్చే నాళంతో కలుస్తుంది. ఆ కలయిక నుంచి పుట్టిన రెండు సెంటీమీటర్ల స్ఖలన నాళం ప్రొస్టేట్‌ను చీల్చుకుంటూ పోయి ప్రసేకంలో (మూత్రం, వీర్యం బయటికి పోయే నాళంలో) తెరుచుకుంటుంది. బయట ఉన్న అవయవం నుంచి పక్కనే ఉన్న మరో బయటి అవయవానికి చేరడానికి శుక్రకణం పొత్తికడుపులోకి వెళ్ళి తిరిగి ఎందుకు రావాలన్న ప్రశ్న నమూనా చూసిన ప్రతి తరగతిలోనూ వస్తుంది. ముష్కాలు మొదట గర్భస్థ శిశువు పొట్టలో, మూత్రపిండాల దగ్గర ఏర్పడి, గర్భం చివరి నెలల్లో కిందికి దిగుతాయని, దిగేటప్పుడు తమ రక్తనాళాలనూ శుక్రవాహికనూ వెంట తెచ్చుకుంటాయని చెబితే ఆ వంపు మొత్తం ఒక్కసారిగా అర్థమవుతుంది. పటంతో ఈ సంగతి చెప్పడానికి నేను ఎంతో కష్టపడేవాడిని.

శుక్రాశయపు ముక్క కూడా బాగుంది. ముడతలు పడిన ఆ గ్రంథి ఉపరితలాన్ని శ్రద్ధగా పోతపోశారు. దాన్ని చూపిస్తూ వీర్యంలో ఏ భాగం ఎక్కడ తయారవుతుందో చెప్పడం సులువు. వీర్యపు పరిమాణంలో సుమారు మూడింట రెండు వంతులు శుక్రాశయాల నుంచే వస్తాయి. శుక్రకణాలకు శక్తినిచ్చే ఫ్రక్టోజ్ ఆ ద్రవంలో ఉంటుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం ప్రొస్టేట్ స్రావం. ముష్కాల నుంచి, ఎపిడిడైమిస్ నుంచి వచ్చేది నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళు మాత్రమే, కోట్ల సంఖ్యలో ఉండే శుక్రకణాలు ఆ కొద్దిపాటిలోనే ఇమిడి ఉంటాయి. ఈ లెక్క చెప్పడం పాఠానికి మాత్రమే పనికొచ్చే విషయం కాదు. నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యంగా మారుతుందని, నిద్రలో స్ఖలనం అయితే ఒంట్లో సత్తువ పోతుందని నమ్మి కుంగిపోయే కుర్రవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేమీ కాదు. బస్టాండు గోడల మీద, నెలకొకసారి ఫలానా లాడ్జిలో దర్శనమిచ్చే వైద్యుల ప్రకటనల మీద బతికే వ్యాపారం అంతా ఈ భయం పెట్టుబడిగా సాగేదే. ఈ గ్రంథులు నిత్యం స్రవిస్తూనే ఉంటాయని, యౌవనంలో స్వప్న స్ఖలనం శరీర ధర్మమని, రక్తానికీ దీనికీ అలాంటి మారకపు లెక్క ఏదీ లేదని గ్రంథిని చేతిలో పెట్టి చెప్పినప్పుడు, వెనుక బెంచీల్లో కూర్చున్న వారి ముఖాలు తేరుకోవడం నేను చూశాను.

ప్రొస్టేట్ విషయంలో నమూనాకు పూర్తి మార్కులు ఇస్తాను. మూత్రాశయపు మెడ దగ్గర ప్రసేకాన్ని చుట్టుకుని ఉన్న ఆ గ్రంథిని నిలువుకోతలో చూస్తే, వయసు మీద పడ్డాక అది పెరిగినప్పుడు మూత్రధార ఎందుకు సన్నబడుతుందో, రాత్రిళ్ళు పదేపదే ఎందుకు లేవవలసి వస్తుందో వివరణ అవసరం లేకుండానే తెలుస్తుంది. గ్రంథికి వెనుకనే పురీషనాళం ఆనుకుని ఉండటం వల్ల వైద్యులు వేలితో పరీక్ష ఎందుకు చేస్తారో కూడా అర్థమవుతుంది. తమ తాతగారి అవస్థను తలుచుకుని పిల్లలు ఇక్కడ మంచి ప్రశ్నలు అడుగుతారు. ప్రొస్టేట్ స్రావంలోని ఎంజైములు, గడ్డకట్టిన వీర్యాన్ని స్ఖలనం తరువాత అరగంటలోపే సాధారణంగా మళ్ళీ పలచబరుస్తాయన్న విషయం నేను ఇక్కడే చేరుస్తాను. కౌపర్ గ్రంథి మాత్రం ఈ నమూనాలో లేదు. బఠానీ గింజంత గ్రంథి కాబట్టి వదిలేశారేమో గాని, పాఠ్యపుస్తకంలో ఉన్న భాగాన్ని విద్యార్థుల కోసమే తయారుచేసే నమూనాలో విడిచిపెట్టడం సరికాదు.

మేహనపు కోతలో పైభాగాన కావెర్నోజా, అడుగు భాగాన ప్రసేకాన్ని చుట్టి ఉండే స్పాంజియోజం, స్పాంజిలాంటి కణజాలపు స్తంభాలైన ఈ రెంటినీ వేర్వేరు రంగుల్లో స్పష్టంగా చూపారు. కావెర్నోజాలు రెండు పక్కపక్కన ఉంటాయని నడిమి కోతలో తెలియదు, అడ్డుకోత బొమ్మ ఒకటి బల్ల మీద గీసి చూపవలసి వస్తుంది. పనితీరు సంగతికి వస్తే, ఇక్కడ ఎముక గాని, పెంచే కండరం గాని లేవన్నది చాలామందికి కొత్త విషయం. త్రికాస్థి ప్రాంతం నుంచి వచ్చే, మన ప్రమేయం లేకుండా పనిచేసే పారాసింపథెటిక్ నాడుల చివర్ల దగ్గర నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, ధమనుల గోడల్లోని నునుపు కండరాన్ని వదులు చేస్తుంది. స్పాంజిలాంటి ఆ కణజాలంలోకి రక్తం చేరి ఉబ్బినప్పుడు, చుట్టూ ఉన్న గట్టి పొర కింద సిరలు నొక్కుకుపోయి రక్తం వెనక్కి పోకుండా ఆగుతుంది. రక్తనాళాల మీద నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావాన్ని కనుగొన్నందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. స్ఖలనం దీనికి భిన్నమైన పని, దాన్ని నడిపేది సింపథెటిక్ నాడులు. ఆ సమయంలో మూత్రాశయపు మెడ దగ్గరి కండరం మూసుకుని, వీర్యం వెనక్కి పోకుండా, మూత్రం కలవకుండా కాపాడుతుంది. ఆ కండరం ఉన్న చోటును నమూనాలో ఎర్ర గీతతో గుర్తించారు, అది నాకు ఎంతో ఉపకరించింది. మధుమేహం ముదిరినవారిలో, ప్రొస్టేట్ శస్త్రచికిత్స అయినవారిలో ఆ మూత సరిగా పడక వీర్యం మూత్రాశయంలోకి పోవచ్చునని ఆ గీత మీద వేలు పెట్టి చెప్పవచ్చు.

ఇక ముష్కగోణి. నా అసంతృప్తి అంతా ఇక్కడే ఉంది. నమూనాలో ఇది చర్మపు రంగు వేసిన ఒక గట్టి చిప్ప, దానిలో గుంట, గుంటలో మేకుతో బిగించిన ముష్కం. శరీరంలో ఈ భాగమంతా కదలికతో నిండి ఉంటుంది. శరీర ఉష్ణోగ్రత కంటే రెండు నుంచి రెండున్నర డిగ్రీలు తక్కువ ఉంటేనే శుక్రకణాలు సక్రమంగా తయారవుతాయి కాబట్టి, చలి వేసినప్పుడు చర్మం కింది డార్టాస్ కండరం ముడుచుకుని, క్రిమాస్టర్ కండరం ముష్కాన్ని పైకి లాగుతుంది, ఉక్కపోసినప్పుడు రెండూ వదులై దాన్ని కిందికి దించుతాయి. పైగా ముష్క ధమని చుట్టూ సిరలు వలలా అల్లుకుని, పైకి పోయే చల్లని రక్తం కిందికి వచ్చే వేడి రక్తాన్ని దారిలోనే చల్లార్చే ఏర్పాటు ఉంది. ఈ సిరల వల నమూనాలో అసలు లేదు, దాని చోట ఒక నీలి గీత మాత్రం ఉంది. ఆ సిరలు ఉబ్బితే వచ్చే వేరికోసీల్ పురుషుల్లో సంతానలేమికి దారితీసే కారణాల్లో తరచుగా కనిపించేది. ఎడమ వైపు సిర నేరుగా పెద్ద సిరలో కలవకుండా మూత్రపిండపు సిరలో లంబకోణంలో కలవడం వల్ల అది ఎక్కువగా ఎడమ వైపునే వస్తుంది. ఇవేవీ ఈ చిప్పతో చెప్పడానికి వీలు లేదు.

అంతకంటే పెద్ద లోపం, ముష్కాన్ని చుట్టి ఉండే రెండు పొరల సంచిని వదిలేయడం. ముష్కం దిగేటప్పుడు ఉదర కుహరపు పొరలో కొంత భాగం దానితో పాటు కిందికి జారి, పైన దారి మూసుకుపోయి, ముష్కం చుట్టూ సంచిగా మిగులుతుంది. ఆ రెండు పొరల మధ్య నీరు చేరితే వచ్చేదే వరిబీజం, మన వాడుకలో బుడ్డ. పసిపిల్లల్లో పైదారి మూసుకోకపోవడం వల్ల వచ్చే బుడ్డ చాలావరకు ఒకటి రెండేళ్ళలో తనంతట తానే తగ్గుతుంది. పెద్దవారిలో, ముఖ్యంగా ఏళ్ళ తరబడి బోదకాలు వ్యాధి పాతుకుపోయిన మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో, దాని వెనుక బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు ఉండే అవకాశం ఎక్కువ. క్యూలెక్స్ దోమ కాటు ద్వారా ఒంట్లో చేరిన ఉచరేరియా బాంక్రాఫ్టై పురుగులు శోషరస (లింఫ్) నాళాల్లో కాపురం పెడతాయి. మగవారిలో వాటికి ఇష్టమైన చోటు శుక్రరజ్జువులోని శోషరస నాళాలే. ఇంటింటికీ తిరిగి ఫైలేరియా మందులైన డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించిన కార్యక్రమాలు ఈ పురుగు పిల్లలను రక్తంలో లేకుండా చేసి, దోమ ద్వారా మరొకరికి పోకుండా ఆపడానికే. ఆ మాత్రలను చెత్తబుట్టలో వేసిన ఇళ్ళు కూడా నాకు తెలుసు. సంచి ఉన్న నమూనా ఒకటి ఉండి ఉంటే మాత్ర ఎందుకు మింగాలో నేను ఇంకా గట్టిగా చెప్పగలిగేవాడిని.

తల్లిదండ్రుల సమావేశం జరిగిన రోజున ప్రయోగశాల తలుపు తీసి ఉంది. ఒక విద్యార్థి తండ్రి నమూనా దగ్గర చాలాసేపు నిలబడి, ఎవరూ లేకుండా చూసి, "మా అయ్యకీ ఉండీది మేష్టారూ, నాకూ వచ్చేసింది. పిల్లడికి కూడా వస్తాదేటి?" అని అడిగారు. ఇది వంశంలో దిగే జబ్బు కాదని, ఒకే ఇంట్లో, ఒకే మురుగు కాలవ పక్కన, అవే దోమల మధ్య పెరగడం వల్ల తండ్రికీ కొడుకుకీ వచ్చి ఉండవచ్చునని చెప్పాను. సూదితో నీరు తీయించుకుంటే తిరిగి చేరుతుందని, చిన్న శస్త్రచికిత్సతో ఆ సంచిని తొలగించడమో తిరగేసి కుట్టడమో చేస్తారని, ముష్కానికి దాని వల్ల హాని ఉండదని, అయితే హెర్నియా (పేగు కిందికి జారడం) కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి ముందు వైద్యుడు చూడాలని చెప్పాను. ఇదంతా చెప్పడానికి నేను నమూనాలోని ముష్కాన్ని ఊడదీసి, పల్చటి ప్లాస్టిక్ సంచిని రెండు మడతలు చేసి దాని చుట్టూ తొడిగి చూపవలసి వచ్చింది. ఐదు వేల రూపాయల వస్తువులో ఉండవలసిన భాగాన్ని అధ్యాపకుడు ఇలా సమకూర్చుకోవలసి రావడం తయారీదారులు ఆలోచించవలసిన సంగతి.

మేకుతో బిగించడం వల్ల చెప్పలేకపోయే మరో విషయం ప్రాణావసరమైనది. ముష్కం తన రజ్జువు మీద మెలి తిరిగిపోతే రక్తప్రసరణ ఆగిపోతుంది, సుమారు ఆరు గంటల్లోపు శస్త్రచికిత్స జరగకపోతే ఆ ముష్కం చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఇది ఎక్కువగా వచ్చేది మన తరగతుల్లో కూర్చునే వయసు కుర్రవాళ్ళకే. ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, వాంతి, ఒక వైపు ముష్కం పైకి లాగినట్టు ఉండటం దాని గుర్తులు. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగితే చేజారిపోతుంది. రాజాం అవతలి పల్లె నుంచి అర్ధరాత్రి శ్రీకాకుళం ఆసుపత్రికి రావడానికి పట్టే సమయాన్ని కూడా అందులోంచే తీసివేయాలి. నమూనాలో ముష్కం రజ్జువుకు వేలాడుతూ తిరిగేలా ఉంటే ఆ మెలిని కళ్ళకు కట్టినట్టు చూపవచ్చు. నేను మామూలు పురికొసకు చిన్న బంతిని కట్టి తిప్పి చూపుతున్నాను. పుట్టిన బిడ్డకు ఒక ముష్కం దిగకపోతే ఆరు నెలల దాకా చూసి, ఆపైన ఏడాదిన్నర వయసులోపు శస్త్రచికిత్స చేయించాలన్న విషయం కూడా ఇదే సందర్భంలో చెబుతాను. ఎందుకంటే రేపటి తల్లిదండ్రులు వీరే.

ముష్కం లోపలి భాగాన్ని చూపడంలో నమూనాకు ఒక సహజమైన పరిమితి ఉంది, దాన్ని తప్పుగా ఎంచడం లేదు. నాలుగైదు సెంటీమీటర్ల పొడవుండే ముష్కంలో సుమారు 250 లంబికలు (చిన్న గదులు), ఒక్కో దానిలో ఒకటి నుంచి మూడు శుక్రోత్పాదక నాళికలు ఉంటాయి. నమూనాలో పదీ పన్నెండు తెల్లని గడులుగా వాటిని చెక్కారు. ఈ కొరత తీర్చడానికి మా తరగతిలో ఒక పద్ధతి కుదిరింది. విప్పి చాచితే ఎపిడిడైమిస్ నాళం దాదాపు ఆరు మీటర్లు ఉంటుందని చెప్పినప్పుడు, పొందూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి మరునాడు ఇంటి దగ్గర వడికిన సన్న నూలు తెచ్చింది. గది ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరు మీటర్లు కొలిచి చాచి, తరువాత దాన్నే చుట్టలు చుట్టి నమూనాలోని ఎపిడిడైమిస్ పక్కన పెడితే అది బొటనవేలి గోరు మీద ఇమిడిపోయింది. శుక్రవాహిక కోసం 45 సెంటీమీటర్ల లావు దారం కత్తిరించి కలిపాము. ముష్కం నుంచి వెలువడినప్పుడు ఈదలేని శుక్రకణం ఆ ఆరు మీటర్ల దారిలో రోజుల తరబడి ప్రయాణించి, ఈదే శక్తి తెచ్చుకుని బయటపడుతుంది. అంతకుముందు నాళికలో మూలకణం నుంచి శుక్రకణంగా రూపొందడానికే రెండు నెలలకు పైగా పడుతుంది. ఆ దారాన్ని ఇప్పుడు నమూనా పెట్టెలోనే భద్రపరిచాము.

కణాల విషయానికి నమూనాతో పని లేదు, సూక్ష్మదర్శిని కింద ముష్కపు అడ్డుకోత స్లైడు పెట్టాలి. నాళికల గోడలో శుక్రకణాలను పోషించే సెర్టోలి కణాలు, నాళికల మధ్య పురుష హార్మోను టెస్టోస్టిరాన్ తయారుచేసే లేడిగ్ కణాలు దానిలోనే కనిపిస్తాయి. స్లైడు చూశాక మళ్ళీ నమూనా దగ్గరికి వచ్చి వాసెక్టమీ (మగవారి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స) గురించి చెబుతాను, ఈ క్రమం బాగా పనిచేసింది. ముష్కగోణి పైభాగంలో శుక్రవాహికను ఎక్కడ కత్తిరించి ముడి వేస్తారో వేలితో చూపి, హార్మోను నేరుగా రక్తంలోకి పోతుంది కాబట్టి కోత దాన్ని ఆపలేదని చెబితే, మగతనం తగ్గుతుందన్న మాటకు ఆధారం లేదని వారే గ్రహిస్తారు. వీర్యపు పరిమాణం కూడా దాదాపు మారదు, ఎందుకంటే శుక్రాశయం, ప్రొస్టేట్ కోతకు అవతల ఉన్నాయి. కోతకు అవతల అప్పటికే నిలిచిన శుక్రకణాలు ఖాళీ అయ్యేదాకా, సుమారు మూడు నెలల తరువాత పరీక్షలో లేవని తేలేదాకా, జాగ్రత్తలు పాటించాలి. చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ 1974లో రూపొందించిన కోత కుట్టు లేని పద్ధతి ఇప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఉంది. అయినా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకునేవారు మన జిల్లాల్లో దాదాపు అందరూ ఆడవాళ్ళే కావడం నాకు బాధ కలిగించే విషయం. మగపిల్లలు కూడా వింటున్న తరగతిలో ఈ మాట అనడానికి నేను ఎప్పుడూ వెనుకాడలేదు.

పనితనం గురించి కొద్దిగా. పీవీసీ గట్టిగానే ఉంది, రెండుసార్లు బల్ల మీద నుంచి కింద పడినా పగలలేదు. రంగులు మాత్రం నమ్మదగినవి కావు. స్పిరిట్ దూదితో తుడిచిన చోట శుక్రాశయం రంగు లేచిపోయింది. సబ్బు నీటిలో ముంచి పిండిన గుడ్డ తప్ప మరేదీ వాడవద్దు. ముక్కలను పట్టి ఉంచే మేకులు కొన్ని నెలలకే వదులయ్యాయి, అయస్కాంతాలతో బిగించే రకం దొరికితే నాలుగు వందలు ఎక్కువైనా అదే తీసుకోవడం మేలు. శుక్రవాహికకూ పక్కనున్న నాడికీ ఒకే తెల్లరంగు వేశారు, నేను శుక్రవాహికను నెయిల్ పాలిష్‌తో పసుపు చేసుకున్నాను. భాగాల పేర్ల అట్ట ఇంగ్లీషులో మాత్రమే ఉంది, ఒక అంకెకు పేరే లేదు. తెలుగు మాధ్యమం విద్యార్థుల కోసం తెలుగు అకాడమీ పుస్తకంలోని పేర్లతో మేమే ఒక అట్ట రాసి, ప్లాస్టిక్ కాగితం అంటించి, పీఠానికి కట్టాము.

దుకాణం సేవ సంతృప్తికరంగా లేదు. వచ్చిన పెట్టెలో మేహనపు ముక్క లేదు. ఫోను చేస్తే పంపుతామన్నారు, పలుమార్లు గుర్తు చేశాక, ప్రిన్సిపాల్ గారు ఉత్తరం రాశాక గాని రాలేదు. అంతవరకు తరగతిలో ఆ భాగాన్ని బల్ల మీద గీసే చెప్పాను. సరుకు చేతికి అందినప్పుడు అక్కడే పెట్టె విప్పి, ప్రతి ముక్కనూ అట్టలోని అంకెలతో సరిచూసి, ఆ తరువాతే రసీదు మీద సంతకం చేయండి. మిగిలిపోయిన ముక్క కోసం డబ్బులో కొంత ఆపి ఉంచుకోవడం కూడా అవసరమే.

తరగతికి అరవై మందికి పైగా ఉన్న కళాశాలకు ఈ నమూనా ఒక్కటి చాలదు, బృందాలుగా విడదీసి వంతులవారీగా చూపించాలి. గోడ పటం కొంటే ఇందులో పదో వంతు ధరకే వస్తుంది గాని శుక్రవాహిక వంపును అది చూపలేదు. ఉన్నత పాఠశాలలకు ఇంత వివరం అక్కరలేదు, వారికి పటమే సరిపోతుంది. జూనియర్ కళాశాలలకు, నర్సింగ్ శిక్షణ సంస్థలకు, ఆశా కార్యకర్తలకు తరగతులు చెప్పేవారికి ఈ నమూనా కొనమనే చెబుతాను. ఇదే తయారీదారు ముష్కాన్ని రెండింతల పరిమాణంలో, పొరలన్నీ విడివిడిగా తీసేలా విడి నమూనాగా కూడా చేస్తున్నారని దుకాణదారు కేటలాగులో చూపారు. వచ్చే ఏడాది ప్రయోగశాల నిధుల్లో దానికి పద్దు రాశాను. మీ దగ్గర డబ్బు రెంటికీ చాలేట్టుంటే రెండూ ఒకేసారి తెప్పించుకోండి, రవాణా ఖర్చు ఒక్కసారితో పోతుంది.